తలుపేసుకుని వాయిస్తున్న పాప

ప్రశ్న:

మేడమ్, నమస్కారం. మాది చిత్తూరు. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా పాపకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. ఐదేళ్లుగా కర్ణాటక సంగీతంలో వయొలిన్ నేర్చుకుంటోంది. రెండేళ్ల కిందట ఊళ్లో డాక్టర్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు కలిసి నడుపుకునే ఒక ఆర్కెస్ట్రాలో చేరింది. ఇరవై మందికి పైగా ఉంటారు. ఆదివారం సాయంత్రాలు ఒక చర్చి హాల్లో ప్రాక్టీసు. డిసెంబరు 21న వాళ్ల క్రిస్మస్ కచేరీ. ఇటలీ స్వరకర్త వివాల్డి రాసిన 'వింటర్'లోని నెమ్మది భాగం సోలో ఈసారి మా పాపకు ఇచ్చారు. ఆరేళ్లుగా అక్కడ వాయిస్తున్న ఒక ఇంజినీరింగ్ అబ్బాయిని కాదని ఇచ్చారు. అప్పటి నుంచి వాళ్లమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. మావారు సంతోషం పట్టలేక రోజూ పాప ప్రాక్టీసును ఫోన్లో తీసి బంధువుల గ్రూపులో పెడుతున్నారు. మొన్న రిహార్సల్లో పాపకు కుడిచెయ్యి వణికి మధ్యలో ఆపేసింది. ఇంటికొచ్చి "నాకొద్దు, నేను వాయించను" అని ఏడ్చింది. కానీ రాత్రిళ్లు తలుపేసుకుని, వయొలిన్‌కి రబ్బరు మ్యూట్ తగిలించి వాయిస్తూనే ఉంది. మా అత్తగారేమో ధనుర్మాసం వస్తుంటే తిరుప్పావై చదువుకోకుండా ఇదేమిటంటున్నారు. కర్ణాటక సంగీతం నేర్పే గురువుగారికి ఈ కచేరీ సంగతి ఇంకా చెప్పలేదు. మూడు వారాలే ఉంది. మాన్పించేయమంటారా, ధైర్యం చెప్పి వాయించేలా చేయమంటారా?

– ఒక తల్లి, చిత్తూరు

సమాధానం:

అమ్మా, మాన్పించొద్దు. అలాగని "నువ్వు చేయగలవు, భయమెందుకు" అంటూ వెంటపడొద్దు కూడా. ఈ రెండూ కాకుండా మీరు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి చెప్పడానికే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పాప రాత్రిళ్లు తలుపేసుకుని, మ్యూట్ తగిలించి వాయిస్తోందన్నారు. తెలియని పాఠకుల కోసం చెబుతాను. మ్యూట్ అంటే చిన్న నల్ల రబ్బరు ముక్క. తీగల కింద నిలబడి ఉండే చెక్క గుర్రం మీద దాన్ని నొక్కి కూర్చోబెడితే గుర్రం కదలిక తగ్గిపోతుంది. పక్కగదిలో పడుకున్నవాళ్లకు కూడా శబ్దం సరిగా వినపడదు. వాయించేవాళ్లకు మాత్రం చెవి పక్కనే ఉంటుంది కాబట్టి వినిపిస్తుంది.

వాయించడం ఇష్టం లేని పిల్ల ఇలా చేయదమ్మా. ముప్ఫై ఏళ్లుగా తిరుపతిలో పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. మానేసే పిల్లలు ఎలా మానేస్తారో చాలాసార్లు చూశాను. మొదట కమానుకు (తీగల మీద లాగే కర్రకు) పట్టు కోసం రాసే రోజిన్ అనే బంక రాయడం మానేస్తారు. తర్వాత ఎడమచేతి గోళ్లు పెరుగుతాయి. గోరు పెరిగితే తీగ మీద వేలు సరిగా ఆనదు. అందుకే వాయించే పిల్లలు ఎవరూ చెప్పకుండానే వారానికోసారి కత్తిరించుకుంటారు. మీ పాప చేతులు ఒకసారి చూడండి. ఎడమచేతి గోళ్లు పొట్టిగా ఉంటే వయొలిన్ మీద విసుగేమీ రాలేదన్నమాట. ఆమె వద్దంటున్నది వాయించేటప్పుడు తన మీద ఉండే కళ్లను.

ఆ కళ్లు ఎక్కువగా మీ ఇంట్లోనే ఉన్నాయి. మీవారి సంతోషాన్ని నేను తప్పుపట్టను. కూతురు నలుగురిలో నిలబడి వాయించబోతోందంటే ఏ తండ్రికి ఆగుతుంది? కానీ ప్రాక్టీసు అంటే తప్పులు చేసుకోవడానికి ఉన్న చోటు. ఒక పట్టును ఇరవైసార్లు తప్పుగా వాయిస్తేనే ఇరవై ఒకటోసారి చేతికి వస్తుంది. ఆ ఇరవై తప్పులూ అదే రాత్రి బెంగళూరులో ఉన్న పెదనాన్నకూ చెన్నైలో ఉన్న అత్తకూ చేరుతున్నాయని తెలిస్తే, పిల్ల తప్పు చేయడానికే జంకుతుంది. ఆ జంకు ముందు మనసులో పుట్టి, తర్వాత మోచేతికి దిగుతుంది. అందుకే ఆమెకు మిగిలిన దారి తలుపూ, రబ్బరు ముక్కా.

కాబట్టి మొదటి పని ఇది. ఈ రోజు నుంచి కచేరీ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఆమె వాయించేది ఫోన్లో తీయకూడదు. తలుపు వేసుకుంటే వేసుకోనివ్వండి. "ఇవాళ ఎంతసేపు వాయించావు" అని అడగొద్దు. "బాగా వచ్చిందా" అని కూడా వద్దు. ఇదంతా నియమంలా పాప ముందు ప్రకటించకండి. ముందు మీవారితో మీరిద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. గ్రూపులో ఇప్పటికే పెట్టినవాటిని ఆయన చేతే తీయించండి. ఆ తర్వాత పాపతో ఆయనే ఒక్క మాట అంటే చాలు: "నాన్నా, నేను ఇకమీదట వీడియో తీయను, నువ్వు పిలిస్తే వచ్చి వింటా." నా అంచనా, నాలుగైదు రోజుల్లో ఆ మ్యూట్ పాపే తీసి పక్కన పెడుతుంది.

వివాల్డి గురించి ఒక సంగతి మీ పాపకు చెప్పండి, నచ్చుతుంది. ఆయన వెనిస్‌లో పియెతా అనే అనాథ బాలికల ఆశ్రమంలో వయొలిన్ నేర్పేవాడు. ఆ ఆడపిల్లలు వాయిస్తే వినడానికి ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం వచ్చేవారు. వచ్చినవాళ్లకు సంగీతం వినిపించేదే గానీ వాయించేవాళ్ల ముఖాలు సరిగా కనిపించేవి కావు. ఆ పిల్లలు చర్చిలో పై గ్యాలరీలో, ఇనప జాలీ వెనక ఉండి వాయించేవారు. మీ పాపకు కూడా ఈ మూడు వారాలూ అలాంటి జాలీ ఒకటి ఇంట్లో కట్టిపెట్టండి.

ఇక వణుకు సంగతి. నెమ్మది భాగం కాబట్టి చిన్నపిల్లకు తేలికని ఆర్కెస్ట్రా నడిపించే మాస్టారు ఇచ్చి ఉంటారు. వేళ్లకు తేలికే. కమానుకు మాత్రం అదే కష్టం. టెన్షన్ వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేతిలోని చిన్న కండరాలు సన్నగా వణుకుతాయి. గబగబా వాయించే చోట ఆ వణుకు బయటపడదు. కమానును నెమ్మదిగా లాగుతూ ఒకే స్వరాన్ని సాగదీసే చోట మాత్రం తీగ మీద ప్రతి అదురూ వినిపిస్తుంది. పెద్ద పెద్ద కళాకారులకు కూడా ఇదే చోట ఇబ్బంది. ఇది పిరికితనమేమీ కాదని, ఒళ్లు చేసే పని అని పాపకు ఎవరైనా చెప్పారో లేదో. మీరు చెప్పండి. తనలో ఏదో లోపం ఉందనుకుని లోలోపల కుమిలిపోయే పిల్లలను చూశాను.

దీనికి చేతితో చేసే మందులు కొన్ని ఉన్నాయి. సోలో మొదలవడానికి ముందే కమానును తీగ మీద ఆనించి ఉంచాలి. గాలిలోంచి దించితే మొదటి స్వరమే గెంతుతుంది. ఆనించాక ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు లాగాలి. కుడిచేతి బొటనవేలు బిగుసుకుపోయిందేమో చూసుకోవాలి, అది కాస్త వంగి ఉంటే చెయ్యంతా వదులవుతుంది. వణుకుతున్నప్పుడు కమానును ఇంకా పొదుపుగా, ఇంకా నెమ్మదిగా లాగాలనిపిస్తుంది. అప్పుడు దానికి తిరగబడి కొంచెం ఎక్కువ కమాను వాడాలి. ఇంకో పద్ధతి నా విద్యార్థులందరి చేతా చేయిస్తాను. మేడ మెట్లు రెండుసార్లు గబగబా ఎక్కి దిగి, గుండె దడదడలాడుతుండగానే వయొలిన్ తీసి మొదటి వాక్యం వాయించాలి. వేదిక మీద ఒళ్లు ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలిసిపోతుంది. రోజూ ఒకసారి చేస్తే చాలు. వారంలో ఆ దడ చేతికి పాతపడిపోతుంది.

నిలబడటం కూడా ఒక చిక్కే. మీ పాప ఐదేళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుని, వయొలిన్ తలను కుడిపాదం మీద ఆనించి వాయించిన పిల్ల. అక్కడ వాయిద్యం బరువు ఒంటి మీద స్థిరంగా కూర్చుంటుంది. ఇక్కడ నిలబడి, గడ్డానికీ భుజానికీ మధ్య పట్టుకోవాలి. రెండేళ్లలో అలవాటయ్యే ఉంటుంది, కానీ భయం వేసినప్పుడు ఒళ్లు పాత అలవాటును వెతుక్కుంటుంది. నిలబడితే మోకాళ్లు వణుకుతున్నాయంటే కుర్చీ అడగమనండి. అందులో నామోషీ ఏమీ లేదు. ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు ఇట్జాక్ పర్ల్‌మన్ నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చిన మనిషి. ప్రపంచంలోని పెద్ద ఆర్కెస్ట్రాలన్నిటి ముందూ కూర్చునే వాయించారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ నెమ్మది భాగం మొత్తం 18 మెజర్లే (తాళం లెక్కలో 18 కొలతలు). రెండు నిమిషాల పైచిలుకు. 1725లో అచ్చయిన సంగీతం అది. దానికి తోడుగా ఒక కవిత ఉంది: బయట వాన అందరినీ తడిపేస్తుంటే లోపల నిప్పు పక్కన హాయిగా కూర్చున్న మనిషి గురించి. సోలో వయొలిన్ ఆ నిప్పు పక్కన కూర్చుని పాడుతుంది. వెనకున్న వయొలిన్లు కమాను పక్కన పెట్టి వేలితో తీగలు మీటుతాయి. అవే చినుకులు. చిత్తూరులో డిసెంబరు వాన రేకుల మీద పడటం విన్నవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. వెనక ఆ చినుకులు లేకపోతే ముందు పాటకు అందం లేదు. సోలో అన్న పేరే గానీ, ఇది ఇరవై మంది కలిసి వాయించేది.

ఈ సంగతి మీ పాప చెవికి ఇంకా ఎక్కలేదనిపిస్తోంది. ఇంట్లో ఒంటరిగా తన పాట ఒక్కటే సాధన చేసుకుంటున్న పిల్లకు ఎలా ఎక్కుతుంది? మాస్టారిని ఒక కోరిక కోరండి. వచ్చే ఆదివారం రిహార్సల్లో సోలో ఆ ఇంజినీరింగ్ అబ్బాయి చేత వాయింపించమనండి. మీ పాపను వెనక వరసలో కూర్చోబెట్టి చినుకులు మీటమనండి. రెండుసార్లు అలా, ఆ తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకుని రెండుసార్లు. తన పాట కింద ఏం జరుగుతోందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత ముందు నిలబడినప్పుడు తన చెయ్యి వణుకుతోందా అని చూసుకునే బదులు వెనక చినుకులను వింటుంది. చెవికి పని ఉంటే చేతి మీద నిఘా తగ్గుతుంది. నా అనుభవంలో వణుకుకు ఇంతకన్నా మంచి మందు లేదు.

ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. నాకు 14 ఏళ్లప్పుడు తిరుపతిలో ఒక చర్చి హాల్లో క్రిస్మస్ ముందు ఆదివారం కార్యక్రమం. మేము క్రైస్తవులం కాదు. నాకు నేర్పే మాస్టారు అక్కడ వాయించేవారు కాబట్టి వెళ్లాను. 'సైలెంట్ నైట్' రెండు చరణాలు నావి. కార్యక్రమం నడిపించే పెద్దమనిషి చివరి నిమిషంలో వరస మార్చి, ఎనిమిదోదిగా ఉన్న నన్ను మొదటికి తెచ్చారు. మా నాన్న ఆఫీసువాళ్లందరినీ పిలుచుకొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మొదటి చరణం బాగానే వచ్చింది. రెండోది ఎత్తుకోవాల్సిన చోట బుర్రలో ఏమీ లేదు. కమాను తీగ మీదే ఉంది, చెయ్యి కదలడం లేదు. వెనకవాళ్లు నా కోసం అదే ముక్కను ఒకసారి, రెండోసారి తిప్పి వాయిస్తున్నారు.

అప్పుడు నా ఎడమ భుజం వెనక నుంచి నా పాటే వినిపించింది, చాలా సన్నగా. రెండో వయొలిన్ల వరసలో ఒక పెద్దాయన ఉండేవారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయన తను వాయించాల్సింది వదిలేసి నాది ఎత్తుకున్నారు. నేను తల తిప్పితే కమాను ఆపకుండానే "వాయించు పాపా, నేనుండా" అన్నారు. ఆయన కోటుకు మోచేతి దగ్గర కుట్టు ఊడి, లోపలి తెల్ల గుడ్డ కనబడుతోంది. కమాను లాగినప్పుడల్లా అది తెరుచుకుని మూసుకుంటోంది. నేను దాన్నే చూస్తూ మూడో స్వరం దగ్గర కలిశాను. నేను కలవగానే ఆయన తన పాటకు వెళ్లిపోయారు. ముందు వరసలో ఉన్న నాన్నకు ఏమీ తెలియలేదు. ఆ రోజు దాకా సోలో అంటే నేనొక్కదాన్నే అనుకున్నాను. వెనక కూర్చున్న వాళ్లలో నా పాట కూడా వచ్చినవాళ్లు ఉన్నారనీ, నేను తప్పిపోతే అందుకోవడానికి చూస్తున్నారనీ ఆ తర్వాతే తెలిసింది.

లోకమంతా తెలిసిన కథ ఇంకొకటుంది. 1986 జులైలో అమెరికాలోని టాంగిల్‌వుడ్‌లో మిడోరి అనే 14 ఏళ్ల జపాన్ అమ్మాయి బోస్టన్ సింఫనీతో సోలో వాయిస్తోంది. వాయిస్తున్నది లెనార్డ్ బెర్న్‌స్టైన్ రాసిన సంగీతం, ఎదురుగా నిలబడి నడిపిస్తున్నది ఆయనే. చివరి భాగంలో అన్నిటికన్నా సన్నదైన ఇ తీగ తెగింది. ఆ అమ్మాయి వెంటనే మొదటి వయొలిన్ల నాయకుడి దగ్గరికి వెళ్లి, ఆయన వయొలిన్ తీసుకుని కొనసాగించింది. కాసేపటికి దాని ఇ తీగ కూడా తెగింది. ఈసారి ఆయన పక్కనున్నాయన వయొలిన్ తీసుకుంది. తీసుకున్నవి తన వయొలిన్ కన్నా కాస్త పెద్దవి. అయినా చివరిదాకా వాయించింది. ఆ తర్వాత పత్రికలు ఆ అమ్మాయి ధైర్యాన్ని పొగిడాయి, పొగడాల్సిందే. నేను మాత్రం నా పిల్లలకు ఆ ఇద్దరి గురించి కూడా చెబుతాను. ఇరవై నాలుగు గంటలూ ఒళ్లో పెట్టుకున్నట్టు చూసుకునే వాయిద్యాన్ని క్షణం ఆలోచించకుండా పిల్ల చేతిలో పెట్టేశారు. ఆర్కెస్ట్రాల్లో ఇది ఆనవాయితీ. సోలో వాయించేవారి తీగ తెగితే దగ్గర్లో ఉన్న నాయకుడి వయొలిన్ వారిదవుతుంది.

మీ ఊరి ఆర్కెస్ట్రాలో ఆ చోట కూర్చునేది ఎవరు? ఆరేళ్లుగా వాయిస్తున్నాడు కాబట్టి బహుశా ఆ అబ్బాయే అయి ఉంటాడు. అందుకే మీరు వాళ్లమ్మ ముభావం గురించి రాసినప్పుడు నాకు బాధ కలిగింది. మీ పాప కూడా ఆ చల్లదనాన్ని గమనించే ఉంటుంది. పదమూడేళ్ల పిల్లలకు ఇవి మనకన్నా ముందే తెలుస్తాయి. తన వెనక కూర్చున్న మనిషి తనను ఇష్టపడటం లేదనుకుంటూ ముందు నిలబడితే చెయ్యి వణకదా?

వాళ్లమ్మకు మీరు సంజాయిషీ చెప్పుకోనవసరం లేదు. ఎవరికి ఇవ్వాలో మాస్టారు తేల్చారు. ఎదురుపడితే మామూలుగా పలకరించండి, అంతే. మీ పాపను మాత్రం ఆ అబ్బాయితో మాట్లాడమనండి. "అన్నా, నా తీగ తెగితే నీ వయొలిన్ ఇస్తావా?" అని అడగమనండి. ఆరేళ్ల అనుభవం ఉన్నవాడిని ఒక చిన్నపిల్ల వచ్చి అలా అడిగితే కాదనడు. ఆ అడగడంలోనే అతడి స్థానానికి ఇవ్వాల్సిన మర్యాద కూడా ఉంది. ఇస్తానంటే రిహార్సల్లోనే ఒకసారి అతడి వయొలిన్‌తో ఆ 18 మెజర్లూ వాయించి చూడాలి. మీ పాపది ముప్పావు సైజు అయి, అతడిది పూర్తి సైజు అయితే వేళ్ల మధ్య దూరం మారుతుంది. ఆ తేడా ముందే తెలియాలి.

ఒకవేళ ఇవన్నీ చేశాక కూడా వద్దంటే? రెండో ఆదివారం దాకా గడువు పెట్టుకోండి. ఆ రోజు రిహార్సల్ అయ్యాక నిర్ణయం ఆమెదే. వద్దనుకుంటే మాస్టారికి తనే చెప్పాలి, మీరు ఫోన్ చేయకూడదు. అప్పుడు సోలో ఆ అబ్బాయి వాయిస్తాడు, మీ పాప చినుకులు మీటుతుంది. వేదిక మీద ఉంటుంది, అదే సంగీతంలో ఉంటుంది. వచ్చే ఏడాదికి ఇంకో సంవత్సరం పెద్దదవుతుంది. ఈ దారి తెరిచి ఉందని ఇప్పుడే చెప్పేయండి. వద్దనడానికి వీలుందని తెలిసిన పిల్లలే ఎక్కువగా సరేనంటారు.

గురువుగారి సంగతి మాత్రం మీరు ఆలస్యం చేశారు. ఈ వారమే పాపను తీసుకుని, నాలుగు పళ్లు పట్టుకుని వెళ్లి మీ నోటితోనే చెప్పండి. ఎవరి ద్వారానో తెలిస్తే ఆయన నొచ్చుకుంటారు, అది న్యాయమే. సంగీతం తెలిసిన మనిషి కాబట్టి అసలు విషయానికి అభ్యంతరం చెబుతారని నేననుకోను. వయొలిన్ మనకు వచ్చిందే అలా. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని ఈ వాయిద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. అన్నగారు ముత్తుస్వామి దీక్షితర్ ఆ యూరోపియన్ల బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. నోట్టుస్వరాలు అంటారు వాటిని, పిల్లలకు ఇప్పటికీ నేర్పుతాం. అన్నీ శంకరాభరణం స్వరాల్లో ఉంటాయి. మీ పాప వాయించబోయే ఆ వివాల్డి భాగం కూడా మేజర్ స్కేలే, అంటే అవే స్వరాలు. దీక్షితర్ మొదటి కృతి పుట్టిందని చెప్పే తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. గురువుగారితో ఈ మాట అనండి, ఆయనకు ఇంతకన్నా ఎక్కువే తెలిసి ఉంటుంది. స్వరం మీదికి జారుతూ వెళ్లకుండా సూటిగా దిగడం ఎలాగో కూడా పాప ఆయన్నే అడగవచ్చు. గమకం (స్వరాన్ని ఊపడం) ఎక్కడ వేయాలో తెలిసినవారికి ఎక్కడ వేయకూడదో కూడా తెలుస్తుంది.

మీ అత్తగారి మాటను కోపంగా తీసుకోవద్దు. ఆవిడకు మనవరాలు దూరమవుతోందన్న దిగులు ఉండి ఉంటుంది. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. తిరుమల కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే నెల అది. తిరుప్పావై తెల్లవారుజామున, రిహార్సల్ సాయంత్రం. రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. రోజుకో పాశురం నానమ్మ చదువుతుంటే పాపను పక్కన కూర్చుని వయొలిన్ మీద అందుకోమనండి. ఫోన్ పట్టుకోకుండా, తప్పులు వెతక్కుండా వినే మనిషి మీ ఇంట్లో ఆవిడే. కచేరీకి ముందు అలాంటి శ్రోత ఒకరు దొరకడం పాపకు అదృష్టం.

ఒక్క జాగ్రత్త. పాపకు ఒకటే వయొలిన్ అయితే దాన్ని రోజూ మన శ్రుతికోసారి, పాశ్చాత్య శ్రుతికోసారి మార్చవద్దు. మన పద్ధతిలో తీగలు స ప స ప. వాళ్ల పద్ధతిలో నాలుగు తీగల మధ్యా స నుంచి ప దాకా ఉండే దూరమే ఉంటుంది కాబట్టి పై తీగలు రెండూ మారిపోతాయి. మాటిమాటికీ బిగించి వదులు చేస్తే తీగ అలిసిపోతుంది, గుర్రం ముందుకు వాలుతుంది, కచేరీ రోజునే తెగుతుంది. ఆఖరి పది రోజులు పాశ్చాత్య శ్రుతిలోనే వదిలేయండి. పాశురం ఆ శ్రుతిలోనే వాయించుకోవచ్చు, నానమ్మ కొంచెం సర్దుకుంటారు.

కచేరీ రోజు గురించి మూడు ముక్కలు. హాలుకు గంట ముందే వెళ్లండి. వయొలిన్ పెట్టె తెరిచి ఉంచితే చెక్క ఆ గాలికి అలవాటు పడుతుంది, తీగలు బిగించే బిరడలు జారవు. ఎండలో ఆపిన కారులో మాత్రం ఒక్క నిమిషం కూడా వదలొద్దు. సాయంత్రం నాలుగింటికి రెండు ఇడ్లీలు పెట్టండి చాలు. "టెన్షన్‌గా ఉందా" అని అడగకండి. పాపను గ్రీన్‌రూమ్‌లో ఒంటరిగా కూర్చోబెట్టొద్దని మాస్టారికి చెప్పండి. మిగతా పాటలకు రెండో వయొలిన్లలోనే కూర్చుని వాయించాలి. తన వంతు వచ్చినప్పుడు అక్కడి నుంచే లేచి ముందుకు రావాలి, అయ్యాక మళ్లీ అదే కుర్చీకి వెళ్లాలి. చివర్లో 'సైలెంట్ నైట్' ఉంటే అది అందరితో కలిసి వాయిస్తుంది. 1818లో ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్‌లో ఆ పాటను మొదటిసారి వినిపించింది కూడా ఒక గిటారు తోడుగా ఇద్దరు మనుషులు.

మీవారికి ఆ రోజు ఒక పని అప్పజెప్పండి. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే స్టాండ్ల మీద నొటేషన్ కాగితాలు ఎగిరిపోతాయి. ఇరవై స్టాండ్లకూ తలా రెండు బట్టల క్లిప్పులు పెట్టే బాధ్యత ఆయనది. కూతురి కోసం ఏదో చేశానన్న తృప్తి ఉంటుంది, చేతిలో ఫోన్‌కు చోటుండదు.

అన్నిటికన్నా ముందు ఒక ఇ తీగ అదనంగా కొని కేసులో పెట్టండి. చిత్తూరులో దొరక్కపోతే వేలూరులో చూడండి, గంట ప్రయాణం. ఆదివారం రిహార్సల్‌కు పాపను దింపి మీరు హాలు బయటే ఉండండి. ఆ అన్నను వయొలిన్ అడిగే మాట తనే అడగనివ్వండి.